చిల్లర వర్తక సిబ్బందిలో బర్నౌట్, పనితీరు: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

బర్నౌట్ అంటే ఎడతెగని పని ఒత్తిడి వల్ల మనిషిలో ఓపిక అడుగంటడం, పని మీద, ఎదుటివాళ్ల మీద మనసు విరిగిపోవడం, తాను చేసేదానికి విలువ లేదనిపించడం. ఆదివారం కడుపునిండా తిని పడుకుంటే తీరే అలసట వేరు, ఇది వేరు. ఆస్పత్రుల్లో, బళ్లలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీని గురించి బాగానే మాట్లాడుకుంటున్నారు. బట్టల దుకాణంలోనో, సూపర్‌మార్కెట్‌లోనో, సెల్‌ఫోన్ షోరూంలోనో పొద్దస్తమానం నిలబడి అమ్మే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. యాభై ఏళ్ల పరిశోధన చెప్పేది వేరే. ఉన్న ఓపికంతా ఖర్చయిపోయేలా పనిని అమర్చిపెట్టి, తర్వాత ఓపిక లేదని మనిషిని తప్పుపట్టడం ఈ రంగంలో పాత అలవాటు.

సంగారెడ్డి జిల్లాలో 65వ నంబరు జాతీయ రహదారి వెంట సాగే పారిశ్రామిక ప్రాంతం ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. ఇక్కడ ఫ్యాక్టరీ, దుకాణం పక్కపక్కనే ఉంటాయి. ఒకే ఊరి నుంచి ఒకే షేర్ ఆటోలో వచ్చిన అన్నాచెల్లెళ్లలో అన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగుతాడు, చెల్లెలు షోరూం దగ్గర దిగుతుంది. అన్నకు ఒక చట్టం, చెల్లెలికి ఇంకో చట్టం. ఆ తేడాయే ఈ వ్యాసంలో చాలాచోట్ల ఎదురవుతుంది.

ప్రాంతం, వర్తకం

రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో మొదలైంది. 1972లో పటాన్‌చెరుకు ఇక్రిశాట్ వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు ఆ తర్వాత పదిహేనేళ్లలో మందుల కంపెనీలతో, రసాయనాల కంపెనీలతో నిండిపోయాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలవడంతో ఈ ప్రాంతానికి ఢిల్లీలో పలుకుబడి కూడా దొరికింది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, భానూరులో భారత్ డైనమిక్స్, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడలు, పడమటి కొసన సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్లు, జహీరాబాద్‌లో మహీంద్రా ఇలా పెరుగుతూ పోయింది. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం జీహెచ్ఎంసీలో కలిశాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కార్మికులు ఇస్నాపూర్, పాశమైలారం చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటారు. కందిలో ఐఐటీ, రుద్రారంలో గీతం యూనివర్సిటీ, అమీన్‌పూర్ వైపు అపార్ట్‌మెంట్లు వచ్చాక కొనేవాళ్ల రకం కూడా మారింది.

హైదరాబాద్ మొదటి నుంచీ గొలుసు దుకాణాలకు పురిటిగడ్డ లాంటిది. త్రినేత్ర 1986లో ఇక్కడే పుట్టింది. తర్వాత ఆదిత్య బిర్లా గ్రూపు దాన్ని కొని 'మోర్' చేసింది. బిగ్ బజార్ దేశంలో తొలి అంగళ్లు తెరిచిన నగరాల్లో 2001లో హైదరాబాద్ ఒకటి. రిలయన్స్ ఫ్రెష్ 2006లో మొట్టమొదట తెరిచింది ఇక్కడే. ఆ అల తర్వాతి పదేళ్లలో ఇదే రహదారి పట్టుకుని పటాన్‌చెరు, సంగారెడ్డి దాకా పాకింది. అంతస్తుల మీద అంతస్తుల బట్టల షాపింగ్ మాళ్లు, ఏసీ సూపర్‌మార్కెట్లు, నగల షోరూములు, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు వరసగా వచ్చాయి.

పాత కిరాణా కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది యజమాని, సరుకు కట్టేది గుమాస్తా. గుమాస్తా జీవితం సుఖమైనదని ఎవరూ అనరు. కానీ అతనికి యజమాని ముఖం తెలుసు, కొనేవాళ్ల పేర్లు తెలుసు, మధ్యాహ్నం ఎండకు బజారు ఖాళీ అయితే బియ్యం బస్తా మీద కాసేపు చేరగిలబడే వీలుండేది. గొలుసు దుకాణంలో యజమాని కనిపించడు. కనిపించేది ఫ్లోర్ మేనేజర్, సీసీ కెమెరా, నెలాఖరు టార్గెట్.

రద్దీ ఎప్పుడు, ఎందుకు

ఈ ప్రాంతపు దుకాణాల్లో రద్దీ పంచాంగాన్ని, జీతాల తేదీని రెండింటినీ పట్టుకుని నడుస్తుంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యి మందిలోపు కార్మికులున్న సంస్థ మరుసటి నెల 7వ తేదీలోగా, అంతకు మించిన సంస్థ 10వ తేదీలోగా జీతం ఇవ్వాల్సి ఉండేది. దశాబ్దాలుగా ఈ రెండు తేదీలే ఇక్కడి బజారుకు నాడి. 7 దాటాక వచ్చే శని, ఆదివారాల్లో బిల్లింగ్ కౌంటర్ల ముందు వరసలు బయటి దాకా ఉంటాయి. 20 దాటాక అదే అంతస్తులో సిబ్బంది కొనేవాళ్ల కన్నా ఎక్కువ మంది కనిపిస్తారు. నెల టార్గెట్ మాత్రం అందరికీ, అన్ని రోజులకూ ఒకటే. మొదటి పదిహేను రోజుల్లో లాక్కోలేనిది చివరి పది రోజుల్లో రాదని అమ్మేవాళ్లకు తెలుసు. అందుకే రద్దీ రోజున విరామం తీసుకోమన్నా తీసుకోరు.

దీనికి పండుగలు తోడు. ఆషాఢం డిస్కౌంట్లు, శ్రావణం పెళ్లిళ్లు, బతుకమ్మ, దసరా, దీపావళి, ఆ వెంటనే ఛఠ్ పూజకు ఊరెళ్లే బీహారీ కార్మికుల కొనుగోళ్లు, రంజాన్ నెలలో రాత్రి బేరాలు. ఏడాదిలో ఊపిరి పీల్చుకునే నెలలు రెండు మూడు మించవు. తెలంగాణ ఆడబిడ్డకు బతుకమ్మ ఎంత పెద్ద పండుగో చెప్పక్కర్లేదు. ఆ తొమ్మిది రోజులూ బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయికి అవి ఏడాది మొత్తంలోకెల్లా గట్టి పని రోజులు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఊళ్లో ఆట మొదలయ్యే వేళకు ఆమె చివరి నిమిషంలో చీర కొనడానికి వచ్చినవాళ్ల ముందు నిలబడి ఉంటుంది. పండుగ రోజు పనిచేస్తే బదులు సెలవు ఇవ్వాలని నిబంధన ఉంది. అయితే బదులు సెలవు నాడు బతుకమ్మ ఉండదు.

భావన ఎలా పుట్టింది

న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో పనిచేసిన మానసిక శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో తన తోటి స్వచ్ఛంద కార్యకర్తల్లో చూసిన స్థితికి ఈ పేరు వాడాడు. కాలిఫోర్నియాలో క్రిస్టీనా మస్లాక్, సూసన్ జాక్సన్ కలిసి 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. భావోద్వేగపరంగా డస్సిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా చూడలేని ఎడం, తన సామర్థ్యం మీద నమ్మకం సడలడం అని వాళ్లు చెప్పిన మూడు కోణాలే నేటికీ ప్రామాణికం. దుకాణం మాటల్లో చెబితే మొదటిది "కాళ్లు గుంజుతున్నయి, తల పనిచేస్తలేదు", రెండోది "వచ్చిండు మళ్లొకడు సతాయించనీకి", మూడోది "ఎంత అమ్మినా అంతే, నాతోని అయితలేదు".

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నౌట్‌ను చేర్చింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అయితే జబ్బుగా చేర్చలేదు. సరిగా అదుపు చేయని దీర్ఘకాల పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తిసంబంధ స్థితిగా, పనికి మాత్రమే వర్తించేదిగా చెప్పింది. కుంగుబాటు దీనితో కలగలిసి కనిపించవచ్చు. కుంగుబాటు ఇంట్లోనూ, పండుగలోనూ వదలదు. బర్నౌట్ మొదట్లో పని చుట్టూనే తిరుగుతుంది, వదిలేస్తే ఇంటికీ వస్తుంది.

కారణాల గురించి మూడు ఆలోచనలు దుకాణానికి బాగా అతుకుతాయి. 1979లో రాబర్ట్ కారసెక్ పని భారం ఎక్కువ, ఆ పని మీద తనకు అధికారం తక్కువ అయినచోట మనిషి నలిగిపోతాడన్నాడు. క్యాషియర్ పని అచ్చంగా అదే: వేగం పెంచమంటారు, ఒక్క రూపాయి తగ్గించే హక్కు ఉండదు. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను పరిశీలించి, జీతం కోసం నవ్వు తెచ్చిపెట్టుకోవడం కూడా శ్రమేనని చెప్పింది. లోపల లేని నవ్వును పైకి పులుముకోవడం ఆ భావాన్ని నిజంగా తెచ్చుకోవడం కన్నా ఎక్కువ అలసట తెస్తుందని తర్వాతి పరిశోధకులు చూశారు. 2001లో ఎవాంజెలియా డెమెరూటి, ఆర్నాల్డ్ బేకర్, వాళ్ల సహచరులు భారం ఒక పళ్లెంలో, వనరులు ఇంకో పళ్లెంలో పెట్టారు. వాళ్ల లెక్కలో భారం పెరిగితే అలసట వస్తుంది, వనరులు లేకపోతే పని మీద మనసు పోతుంది. తోటివాళ్ల సాయం, మెచ్చుకోలు, నిర్ణయంలో చోటు, విశ్రాంతి, నేర్చుకునే వీలు ఇవన్నీ వనరులే.

కౌంటర్ వెనక

చీరల అంతస్తు దగ్గర నుంచే చూద్దాం. ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగమనిషి పెళ్లి చీరకు వస్తారు. అమ్మేవాడు ఒక చీర విప్పి కొంగు పరుస్తాడు, ఇంకోటి తీసి భుజం మీద వేసుకుని చూపిస్తాడు. "ఇదే కలర్‌ల బార్డర్ చిన్నది లేదా?" అంటే పై అర నుంచి ఒక కట్ట. "రేటు కొంచెం తక్కువల చూపియ్యి" అంటే కింది నుంచి ఇంకో కట్ట. గంటన్నరలో ముప్పై, నలభై చీరలు గుట్ట పడతాయి. "పైన ఒకసారి చూసొస్తం" అని వాళ్లు లేచిపోతారు. ఇప్పుడు ఆ గుట్టనంతా మడత చెడకుండా, జరీ విరగకుండా మళ్లీ మడిచి ఎక్కడివి అక్కడ పెట్టాలి. ఆ మడతపెట్టే పని ఏ రిపోర్టులోనూ ఉండదు. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ గంటన్నర అతను ఖాళీగా ఉన్నట్టే. అతను చివరి చీర అరలో పెట్టేలోపు ఇంకో కుటుంబం వచ్చి కూర్చుంటుంది, నవ్వు మళ్లీ మొదలవ్వాలి.

సూపర్‌మార్కెట్ బిల్లింగ్‌లో అలసట ఇంకో రకం. బార్‌కోడ్ పట్టదు, నంబరు చేత్తో కొట్టాలి. "ఫోన్ నంబర్ చెప్పండి", "క్యారీ బ్యాగ్ కావాలా" అన్న రెండు ప్రశ్నలు గంటకు పాతిక సార్లు. ఫోన్‌లో డబ్బు పోయిందని కొన్నవాళ్లు చూపిస్తారు, కౌంటర్‌లో రాలేదని మిషన్ చూపిస్తుంది, వెనక వరస గొణుగుతుంది. మొదట హిందీ, తర్వాత దక్కనీ ఉర్దూ, తర్వాత తెలుగు, జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లతో కన్నడం కలిసిన మాట. పారిశ్రామిక ప్రాంతపు క్యాషియర్ ఒక్క పూటలో నాలుగు భాషల్లో క్షమాపణ చెబుతుంది. రాత్రి కౌంటర్ మూశాక లెక్క సరిచూడటం ఉంటుంది. షార్టేజ్ వస్తే జీతంలో కోత. నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలితేనే, అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే కోయాలని వేతన చట్టం చెబుతుంది. చాలాచోట్ల ఆ సంజాయిషీ కాగితం ఉండదు, కోత మాత్రం ఉంటుంది.

శరీరం కట్టే వెల చిన్నది కాదు. గంటల తరబడి ఒకేచోట నిలబడటానికి నడుము నొప్పితో, కాళ్ల నరాలు ఉబ్బడంతో సంబంధం ఉందని వృత్తి ఆరోగ్య పరిశోధనలు ఏనాడో తేల్చాయి. ఆడవాళ్లకు ఇంకో ఇబ్బంది: బాత్రూంకు వెళ్లాలంటే కౌంటర్ అప్పగించాలి, అడగాలి, మేనేజర్ వంక చూడాలి. ఎందుకొచ్చిన గొడవని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్ర సంబంధ ఇన్ఫెక్షన్లు, తలనొప్పి, వేసవిలో నీరసం అక్కడి నుంచి మొదలవుతాయి. ఇది చిన్న సంగతిగా కనిపించేది దుకాణంలో ఎప్పుడూ పనిచేయనివాళ్లకే.

వారాంతపు సెలవు శని, ఆదివారాల్లో దొరకదు. పిల్లల బడి సెలవు ఆదివారం, అమ్మ వీకాఫ్ మంగళవారం. అది కూడా రేపు ఎవరికి ఆఫో ఈ రాత్రి వాట్సాప్ గ్రూపులో తెలిస్తే చుట్టాల ఇంట్లో శుభకార్యానికి వస్తామని కూడా మాట ఇవ్వలేరు. దుకాణం తొమ్మిదిన్నరకో పదికో మూస్తే, సర్దడం, లెక్క అయ్యేసరికి ఇంకో అరగంట. రహదారి మీద షేర్ ఆటో నిండే దాకా ఆగి, ఊరి మలుపు దగ్గర దిగి నడిచి ఇంటికి చేరాక తినడం, నిద్ర. సిబ్బందికి హాస్టల్ ఇచ్చే పెద్ద బట్టల దుకాణాల్లో ప్రయాణం తప్పుతుంది. కానీ పని చోటు మనుషులే గదిలోనూ ఉంటారు, పగటి మాట పడక దాకా వస్తుంది.

పనితీరు మీద ప్రభావం

బర్నౌట్ వస్తే అమ్మకాలు వెంటనే పడిపోతాయని చాలామంది అనుకుంటారు. పడిపోవు. సమస్య కనబడకుండా పోవడానికి ముఖ్య కారణం ఇదే.

2006లో నెదర్లాండ్స్ పరిశోధకుడు టూన్ టారిస్ బర్నౌట్‌కు, ఇతరులు కొలిచిన పనితీరుకు సంబంధం చూసిన 16 అధ్యయనాలను కలిపి పరిశీలించాడు. డస్సిపోవడానికి, అప్పగించిన పని చేయడానికి మధ్య సంబంధం మైనస్ 0.22 వచ్చింది. అప్పగించకపోయినా తనంతట తాను చేసే సాయానికి మైనస్ 0.19. కొనేవాళ్ల తృప్తికి మాత్రం మైనస్ 0.55. ఈ కొలతలో సున్నా అంటే సంబంధం లేదు, మైనస్ 1 అంటే ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది. చివరి అంకె కొద్దిపాటి అధ్యయనాల నుంచి వచ్చింది కాబట్టి దాన్ని పట్టుకుని మరీ ఊగకూడదు. అయినా అంకెల వరస ఒక మాట చెబుతోంది. అలసిన మనిషి పని ఆపడు. బిల్లు కొడతాడు, చీర విప్పుతాడు. ఎదుటి మనిషికి మాత్రం తేడా తెలుస్తుంది.

ఎందుకిలా అన్నదానికి వివరణ ఉంది. ఒత్తిడిలో మనిషి ముఖ్యమైన పనిని కాపాడుకుంటాడు, దానికోసం మిగతాది వదిలేస్తాడు, లోపలి శక్తి ఎక్కువ పెడతాడు. దుకాణంలో అయితే టార్గెట్‌కు లెక్కయ్యేది కాపాడుకుంటాడు. లెక్కకు రానివి జారిపోతాయి: గడువు దాటబోయే పెరుగు ప్యాకెట్లు ముందుకు జరపడం, తప్పు అరలో పడిన సరుకు తీసి సర్దడం, కొత్తగా చేరిన పిల్లకు పని నేర్పడం, పెద్దావిడకు సంచి పట్టుకుని మెట్లు దింపడం. వీటి నష్టం వారాల తర్వాత తరుగు రూపంలో, వాడుక ఇళ్లు వేరే దుకాణానికి మళ్లడం రూపంలో వస్తుంది. అప్పటికి దానికీ, ఫలానా నెలలో ఇద్దరు మనుషుల్ని తగ్గించడానికీ సంబంధం కలిపి చూసేవాడు ఉండడు.

ఇంకో చిక్కు, అమ్మకం మీద అమ్మేవాడి చేయి కొంతే. జీతాల వారం, డిస్కౌంట్ బోర్డు, పక్కన తెరిచిన కొత్త దుకాణం, వర్షం, ఇవన్నీ కలిసి అమ్మకాన్ని నడుపుతాయి. నెల చివర అంకె తగ్గితే సంజాయిషీ మాత్రం అతనే ఇవ్వాలి. తన చేతిలో లేనిదానికి తాను జవాబుదారీ కావడం కన్నా మనసును అలసట పాలు చేసేవి తక్కువే. అక్కడి నుంచి సుడి మొదలవుతుంది. ఒత్తిడి వల్ల తప్పులు, తప్పుల వల్ల తిట్లు, తిట్ల వల్ల ఇంకా ఒత్తిడి. స్టీవన్ హాబ్‌ఫాల్ 1989లో చెప్పిన వనరుల సిద్ధాంతం ఇదే: ఉన్నది పోగొట్టుకున్నవాడికి ఇంకా పోగొట్టుకోవడం తేలిక.

చివరి దశ మానేయడం. పారిశ్రామిక ప్రాంతంలో ఇది తేలిక కూడా. పక్క షోరూంలో "సేల్స్ స్టాఫ్ కావలెను" అని కాగితం అంటించే ఉంటుంది, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని ఉండనే ఉంటుంది. యజమానులు "మనుషులు నిలవరు" అని వాపోతారు. నిలవని మనిషి స్థానంలో వచ్చిన కొత్తవాడికి సరుకు తెలియదు. అతని పని పాతవాళ్ల మీద పడుతుంది, పాతవాళ్లు ఇంకా త్వరగా వెళ్లిపోతారు. మనిషి మారినప్పుడల్లా దుకాణం పోగొట్టుకునేది ఒక జీతగాణ్ని మాత్రమే కాదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ సైజు, ఏ కంపెనీ టీపొడి, ఎవరు ఏ తేదీన వస్తారు అన్న జ్ఞాపకం కూడా వెళ్లిపోతుంది. ఆ జ్ఞాపకం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ పూర్తిగా ఉండదు.

ఫ్యాక్టరీ చట్టం, దుకాణం చట్టం

అన్న దిగిన గేటు లోపల 1948 ఫ్యాక్టరీల చట్టం నడిచింది. నిలబడి పనిచేసే కార్మికులకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని అందులో 44వ సెక్షన్ చెప్పింది. 250 మంది దాటితే క్యాంటీన్, 150 మంది దాటితే భోజనం గది, విశ్రాంతి గది, అదనపు గంటలకు రెట్టింపు కూలి, తనిఖీకి ఇన్‌స్పెక్టర్. ఇవన్నీ సక్రమంగా అమలయ్యాయని ఎవరూ అనలేరు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అయితే అడగడానికి కాగితం మీద ఒక హక్కు ఉండటం, లేకపోవడం ఒకటి కాదు.

చెల్లెలు దిగిన చోట దుకాణాలు, సంస్థల చట్టం. హైదరాబాద్ రాష్ట్రంలో 1951లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో, మళ్లీ 1988లో చేసిన చట్టాల వారసత్వం ఇది. 1988 నాటిదాన్నే తెలంగాణ తనకు అన్వయించుకుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి, మధ్యలో విరామం, వారానికో సెలవు ఇందులో ఉన్నాయి. విరామాలు కలుపుకుని పని వేళ పన్నెండు గంటలకు మించి సాగకూడదు. పొద్దున పదికి వచ్చి రాత్రి పదిన్నరకు వెళ్లే మనిషి ఈ గీత ఎప్పుడు దాటుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం షరతులతో దుకాణాలు 24 గంటలూ తెరవడానికి అనుమతించింది. వారపు సెలవు, ఓవర్‌టైం, పండుగ నాడు పనికి బదులు సెలవు, రాత్రి పనికి మహిళల సమ్మతి, రవాణా ఆ షరతుల్లో ఉన్నాయి. 2025 జులైలో వాణిజ్య సంస్థలకు వారానికి 48 గంటల లోపల రోజుకు పది గంటల దాకా వెసులుబాటు ఇచ్చినప్పుడు దుకాణాలను అందులోంచి మినహాయించారు.

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. వాటిలో వృత్తి భద్రత స్మృతి పది మంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థకైనా వర్తిస్తుంది. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు అన్న మాట అందులో ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడికి 1948లో దొరికిన స్టూలు ఇక్కడి దుకాణంలోకి, అదీ కాగితం మీద, రావడానికి 77 ఏళ్లు పట్టింది.

ఇతర చోట్ల ఏం చేశారు

ఇంగ్లండులో దుకాణ సిబ్బంది కూర్చునే చట్టం 1899 నాటిది. ప్రతి ముగ్గురు మహిళా ఉద్యోగులకు కనీసం ఒక సీటు ఉండాలని అది శాసించింది. 

మన దగ్గర ఈ దారి వేసింది కేరళ. కోళికోడ్‌లో దర్జీ పని చేసిన విజి పాలితొడి నాయకత్వంలో మహిళలు కూర్చునే హక్కు కోసం, మూత్రశాల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి సీటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాటలో నడిచింది. రెండు చోట్లా బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ల గోడే చట్టానికి కారణం.

డబ్బు లెక్కలో మాట్లాడేవాళ్లకు గ్యాప్ సంస్థ ప్రయోగం పనికొస్తుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల్లోని 28 దుకాణాల్లో కొన్నిటిలో పని వేళలను నిలకడగా, ముందే తెలిసేలా చేశారు. 2018లో ప్రకటించిన ఫలితాల్లో ఆ దుకాణాల అమ్మకాలు సుమారు 7 శాతం, సిబ్బంది ఉత్పాదకత సుమారు 5 శాతం పెరిగాయి. కొత్త మిషన్ పెట్టలేదు, కొత్త సరుకు తేలేదు. మార్చింది ముఖ్యంగా పని వేళల అమరికనే. ఆచార్య జైనెప్ టాన్ 2014లో రాసిన పుస్తకంలో కాస్ట్‌కో, స్పెయిన్‌లోని మెర్కడోనా వంటి తక్కువ ధరల దుకాణాలు మంచి జీతాలు, సరిపడా మనుషులతోనే లాభాలు తెస్తున్నాయని చూపించింది. మనుషుల్ని తగ్గిస్తే ఖర్చు తగ్గినట్టు కనిపించి, సరుకు తప్పిపోవడంలో, బేరం పోవడంలో అంతకు మించి పోతుందన్నది ఆమె వాదన.

మన దగ్గర దుకాణాలు ఒత్తిడి తగ్గించడానికి చేసేవి ఎక్కువగా యోగా దినం, పుట్టినరోజు కేకు, "ఈ నెల ఉత్తమ ఉద్యోగి" ఫొటో. వీటిలో తప్పు లేదు, కాళ్ల నొప్పికి మాత్రం ఇవి మందు కావు. ఒక స్టూలు, వారం ముందు తెలిసే డ్యూటీ చార్టు, తాళం వేయని బాత్రూం, షార్టేజ్‌కు కాగితం మీద విచారణ, జీతాల వారంలో ఇద్దరు అదనపు మనుషులు: సంగారెడ్డి–పటాన్‌చెరు దుకాణాల్లో పనితీరు పెరగాలంటే మొదట ఖర్చుపెట్టాల్సింది వీటి మీద.

సిబ్బందికి అందుబాటులో ఉన్న సాయం

పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణంలో నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం ఉద్యోగి, 3.25 శాతం యజమాని కడతారు. ఈ ప్రాంతానికి రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. జబ్బు పడి డాక్టరు ధ్రువీకరిస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం దొరుకుతుంది. బర్నౌట్ వ్యాధుల జాబితాలో లేదు కాబట్టి ఆ పేరుతో ధ్రువపత్రం రాదు. నడుము నొప్పి, నిద్రలేమి, కుంగుబాటు, ఆందోళన లాంటివి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. లైంగిక వేధింపుల మీద పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. పని గంటలు, జీతం కోత మీద ఫిర్యాదు కార్మిక శాఖ కార్యాలయంలో ఇవ్వాలి. మనసు భారంగా ఉంటే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు, దుకాణం మూసి ఇంటికి చేరిన అర్ధరాత్రి అయినా పలుకుతారు.